అరువు గుండె

2023 జూలై 14వ తేదీ మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు చంద్రయాన్-3 శ్రీహరికోటలో లేచింది. మా కోటలో మేడలున్నవాళ్ళంతా మేడలెక్కి దక్షిణపు దిక్కు చూస్తూ నిలబడ్డారు. మేడలు లేనివాళ్ళు వాళ్ళ వెనకాలే ఎక్కారు. నా చేతికి మా నాన్నగారి హెచ్.ఎం.టి. జనతా వాచీ ఉంది. దూరాన నిప్పుతోక కనిపించి జనం కేకలు పెట్టేసరికి నా వాచీలో ఇంకా 2 గంటల 32 నిమిషాలే.

"నీ వాచీ లెక్కన రాకెట్టు ఇంకా నేల మీదనే ఉండాది మామా" అన్నాడు మా మేనల్లుడు.

వాడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి చేతికి కొత్త వాచీ ఉంది. నీలం డయలు, గాజుపలక వెనకనుంచి లోపలి చక్రాలు కనిపించే ఏర్పాటు. ఏ కంపెనీదిరా అని అడిగితే నేనెప్పుడూ వినని పేరు చెప్పాడు. ఎవరో ఇద్దరు స్నేహితులు కలిసి పెట్టుకున్న కంపెనీ అట. మొత్తం మూడు వందల వాచీలు మాత్రమే చేశారట. ఆ పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

"ఇద్దరు మనుషులు వాచీ ఎట్లా చేస్తార్రా? స్విట్జర్లాండులో తాతలనాటి నుంచీ చేస్తున్నారంటే అర్థం ఉంది" అన్నాను.

"మిషను జపాను నుంచి కొంటారు మామా. డయలూ, కేసూ వీళ్ళు గీసిచ్చినట్టు వేరేవాళ్ళు చేసిస్తారు" అన్నాడు.

"అయితే గుండె అరువన్నమాట!" అని నవ్వాను. వాడు చిన్నబుచ్చుకున్నాడు. ఆ మాట నేను అనకుండా ఉండవలసింది.

ఈ చిన్న కంపెనీల సంగతి తరువాత కాస్త తెలుసుకున్నాను. 1969 డిసెంబరు 25న జపానులో సైకో కంపెనీవారు క్వార్ట్జ్ వాచీని అమ్మకానికి పెట్టారు. బాటరీతో నడిచి, కీ ఇవ్వనక్కరలేకుండా, సరిగ్గా టైము చూపించే వాచీ అది. దాని దెబ్బకు స్విస్సు కంపెనీలు ఎన్నో మూతపడ్డాయి. మిగిలినవాటిలో కొన్ని, వాచీలు కాకుండా వాటి మిషన్లు మాత్రమే చేసి డబ్బిచ్చినవాడికల్లా అమ్ముకునేవి. స్విట్జర్లాండులో సెలీటా, జపానులో సిటిజన్ వారి మియోటా, సైకో వారి ఎన్.హెచ్.35 ఇలాంటివే. కనుక ఇవాళ వాచీ కంపెనీ పెట్టాలంటే తాత వాచీలు చేసి ఉండనక్కరలేదు. మంచి కన్నూ, కొంత పెట్టుబడీ, బోలెడంత తెగువా ఉంటే చాలు.

అట్లా ఉన్నవాళ్ళు లోకంలో చాలామందే బయలుదేరారు. మలేషియాలో మింగ్ థీన్ అనే ఫోటోగ్రాఫరు 2017లో తన పేరు మీదనే మింగ్ వాచీలు మొదలుపెట్టాడు. అవి తయారయ్యేది స్విట్జర్లాండులోనే గాని, ఆలోచనంతా మలేషియాది. రెండేళ్ళలోనే, 2019లో, జెనీవావారు ఏటా ఇచ్చే పెద్ద వాచీ బహుమానాలలో ఒకటి ఆ కంపెనీకి వచ్చింది. వాచీల పుట్టింటికి వెళ్ళి గెలుచుకురావడమంటే మాటలు కాదు. మనదేశంలో జైపూర్ వాచ్ కంపెనీ 2013లో మొదలైంది. పాతకాలపు నాణేలను డయలుగా పొదిగి పేరు తెచ్చుకుంది. నిరుపేశ్ జోషి, మెర్సీ అమల్‌రాజ్ అనే దంపతులు 2018లో బెంగుళూరు వాచ్ కంపెనీని పెట్టారు. వాళ్ళు మిగ్-21 విమానాన్ని తలచుకుని ఒక వరుస వాచీలు, క్రికెట్టును తలచుకుని ఒక వరుస తెచ్చారు. మన అంతరిక్ష కార్యక్రమాన్ని తలచుకుని తెచ్చిన వరుస పేరు అపోజీ. మా కోటవాళ్ళం వేసవిలో మేడమీద పడుకుని చూసిన నిప్పుతోకలు వాచీ డయలు మీదికెక్కాయన్నమాట! ఈ సంగతి తెలిశాక నాకు కొంచెం గర్వం కలిగిన మాట నిజం. లోపలి మిషను మాత్రం స్విస్సుదే.

ఇక్కడ మళ్ళీ ఆ అరువు మాటే వస్తుంది. నేను నవ్వాను గాని, నా చేతి వాచీ మాత్రం ఏ గర్భాన పుట్టింది? హెచ్.ఎం.టి. వారు 1961లో బెంగుళూరులో వాచీల కర్మాగారం పెట్టింది జపాను సిటిజన్ కంపెనీ సహాయంతోనే. మన హైదరాబాదు ఆల్విన్ వారు వాచీలు చేసింది సైకో సహాయంతో. నేర్పినవాడు జపానువాడు, నేర్చుకున్నది మనవాళ్ళు. అయితే ఒక తేడా ఉంది. హెచ్.ఎం.టి. వారు నేర్చుకుని మిషనును ఇక్కడే పోతపోశారు. జనతాలోని 17 రాళ్ళ మిషను, రోజూ కీ ఇస్తే నడిచేది, మన కార్మికుల చేతుల్లోంచే వచ్చింది. అందుకే దానిని చూస్తే నాకు అంత పొగరు.

కాలం కొలవడం మనకు కొత్త విద్యేమీ కాదు. గడియారం అన్న మాటలోనే గడియ ఉంది. అడుగున సన్నని బెజ్జమున్న రాగిగిన్నెను నీళ్ళమీద వదిలితే అది నిండి మునిగేలోపల ఒక గడియ, అంటే 24 నిమిషాలు. అటువంటివి 60 అయితే ఒక రోజు. ఆ గిన్నె పాడయితే ఏ ఊరి కంచరివాడైనా బాగుచేసి ఇచ్చేవాడు. ఈ ఒక్క సంగతి దగ్గరే నా పొగరు దిగింది.

మొన్నటి సంక్రాంతికి వాడు వచ్చేసరికి వాడి నీలం డయలు వాచీ ఆగిపోయింది. కంపెనీకి రాస్తే జవాబు లేదు. ఇద్దరు స్నేహితులూ విడిపోయి దుకాణం కట్టేశారట. అదే వారంలో నేను కొళాయి దగ్గర చెయ్యి కడుక్కుంటూ జనతాను నాపరాయి మీద జారవిడిచాను. అది నా తప్పే. చెవి దగ్గర పెట్టుకుంటే చప్పుడు లేదు. నలభై ఏళ్ళు మా నాన్నగారు తెల్లవారగానే కీ ఇచ్చిన వాచీ అది. ఆయన పోయిన తరువాత ఆ పని నాది.

ఇద్దరం రెండు వాచీలూ పట్టుకుని గూడూరు వెళ్ళాం. అక్కడ బజారులో ఒక భాయి ఉన్నాడు. మనిషి వెడల్పున గాజుపెట్టె, దాని వెనక ఆయన. కంటికి అద్దం బిగించి ముందు మావాడి వాచీ విప్పాడు.

"ఇదేంది బాబూ, పైన ఈ పేరెప్పుడూ చూళ్ళేదే" అన్నాడు. లోపల చూసి నవ్వాడు. "ఓ, నువ్వా! ఇది ఎన్.హెచ్.35. సైకో మిషను. వంద పేర్ల వాచీల్లో ఇదే ఉంటది. మద్రాసులో దొరకద్ది. కంపెనీ ఉంటే ఏంది, లేకుంటే ఏంది?"

తరువాత జనతాను విప్పాడు. ఈసారి చాలాసేపు మాట్లాడలేదు.

"బాలెన్సు స్టాఫు విరిగింది అయ్యా. మంచి మిషను. రాయి లాంటి మిషను. కానీ దీని సామాను కొత్తది యాడా దొరకదు. చచ్చిన జనతా ఒకటి చేతికొస్తే దాంట్లోది తీసి దీనికెయ్యాల."

హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసెయ్యాలని 2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఆ వార్త అప్పుడు పేపర్లో చదివి అయ్యో అనుకుని పేజీ తిప్పేశాను. దాని అర్థం ఆ గాజుపెట్టె ముందు నిలబడ్డప్పుడు తెలిసింది. సొంత గుండె కలిగిన వాచీకి గుండె ఇచ్చేవాడు లేడు. నేను వెక్కిరించిన అరువు గుండెకు మాత్రం, అది అందరిదీ కావడం వల్లనే, కంపెనీ పోయినా చావు లేదు.

వాచీలు కొనేవాళ్ళు డయలు చూస్తారు, డబ్బా చూస్తారు, పరిమిత సంఖ్య అంటే మురిసిపోతారు. కొనే ముందు లోపల ఎవరి మిషను ఉందో, దాన్ని విప్పగల మనిషి మన తాలూకాలో ఉన్నాడో లేడో అడిగితే మంచిదని ఇప్పుడు నాకనిపిస్తోంది. వాచీలు చేసిన వంశాలు మనకు లేవు గాని బాగుచేసిన వంశాలున్నాయి. భాయి తండ్రిదీ ఇదే పని. కొడుకు మాత్రం సెల్‌ఫోన్ల రిపేరుకు పోయాడు. "వాణ్ణి అనేది లేదయ్యా. రోజుకు రెండు వాచీలొస్తే ఎక్కువ" అన్నాడు భాయి.

మావాడి వాచీ పది రోజుల్లో తయారయింది. అయిన ఖర్చు వాచీ వెలలో చిన్న పాలు. వాడు దాన్ని తీసి నా చేతికి కట్టాడు.

"నీది వచ్చేదాకా ఇది పెట్టుకో మామా" అన్నాడు. అరువు మాట వాడు ఎత్తలేదు.

జనతా గూడూరులోనే ఉంది. శుక్రవారం శుక్రవారం భాయికి ఫోను చేస్తున్నాను. ఎక్కడైనా చచ్చిన జనతా దొరికిందేమోనని.