మురికి కనబడని రంగు ఎవరి కోసం?

గోదావరిఖనిలో ఎవరింటికి రంగులు వేయిస్తున్నా ముందు వినబడే మాట ఒకటే: "మురికి కనబడనిది వేయించు వదినా." పెయింటరూ అదే అంటాడు, షాపులో షేడ్ కార్డు తిప్పేవాడూ అదే అంటాడు. "బొగ్గు ఊళ్లె తెల్లరంగేంది, పిచ్చా?" అని పక్కింటి అక్క నవ్వు అదనం. అలా అలా మన ఇళ్లన్నీ చాక్లెట్టు, ముదురు బూడిద, మట్టి రంగుల్లోకి పోయాయి. ఈ సలహా అంటే నాకు మా చెడ్డ కోపం.

కనబడకపోతే మురికి లేనట్టేనా? ఓపెన్‌కాస్టులు, బొగ్గు లారీలు, ఎండిన రోడ్లు ఉన్నంత కాలం కిటికీల్లోంచి దుమ్ము వస్తూనే ఉంటుంది. చాక్లెట్ గోడ మీద అది ఆరు నెలలు పేరుకున్నా ఎవరూ పట్టించుకోరు. గోడ మీద కనబడలేదని పిల్లల ముక్కుల్లోకి పోకుండా ఆగుతుందా? పైగా రోజూ తుడిచే మనిషికి తుడిచిన చోటు తెలియాలి కదండీ. తుడిచినా తుడవకపోయినా ఒకేలా ఉండే గోడల మధ్య బతికితే, "పొద్దంతా ఇంట్ల ఏం జేస్తవ్?" అన్న ప్రశ్నకు మన దగ్గర చూపించడానికి ఏమీ మిగలదు.

ఇక వెలుతురు సంగతి. మంచి తెలుపు తన మీద పడిన వెలుతురులో నూటికి 80 పాళ్ల దాకా తిరిగి గదిలోకి పంపుతుంది. ముదురు చాక్లెట్ రంగు 10 పాళ్లు కూడా పంపదు. మన ఇళ్లలో గదికి ఒక్క కిటికీ, అదీ దుమ్ముకు భయపడి సగం మూసే ఉంటుంది. దానికి తోడు నల్లటి గోడలు. మధ్యాహ్నం పన్నెండింటికి ట్యూబ్‌లైట్ వేసుకుని బియ్యం ఏరుకునే ఇళ్లు ఎన్ని చూశానో! ఆ గదిలో పగలంతా ఉండేది మనం. రంగు ఎంచేది మాత్రం సాయంత్రం షాపుకు పోయి అరగంటలో తేల్చుకొచ్చే మగవాళ్లు.

"ఆయనకు నైట్ షిఫ్టు, పగలు పడుకోవాలె, గది చీకటిగ ఉండాలె" అంటారు. నిద్ర ముఖ్యమే, కాదనను. అందుకు కిటికీకి మందపాటి పరదా కట్టండి, లోపల నల్లగుడ్డ అస్తరు వేసి కుట్టించండి. ఆయన లేవగానే పరదా పక్కకు జరుగుతుంది. గోడ రంగు జరగదు. షిఫ్టు మారుతూ ఉంటుంది, వేసిన రంగు మాత్రం ఐదారేళ్లు మన నెత్తి మీదే. అసలు భూమి లోపల చీకట్లో పనిచేసి వచ్చిన మనిషికి ఇంట్లో కూడా చీకటి గోడలే ఎందుకట?

ఇప్పుడు ఫోన్లలో కొత్త పాఠం ఒకటి మొదలైంది. ఎరుపు ఆకలి పెంచుతుందట, గులాబీ కోపం తగ్గిస్తుందట. ఈ గులాబీ కథ 1979లో అమెరికాలో, సియాటిల్ నౌకాదళ జైల్లో మొదలైంది. గదికి ఆ రంగు వేస్తే ఖైదీలు నెమ్మదించారని చెప్పుకున్నారు. 2015లో అచ్చయిన స్విట్జర్లాండ్ జైలు పరిశోధనలో జాగ్రత్తగా పోల్చి చూస్తే, గులాబీ గదిలో ఉన్నవాళ్లకూ మామూలు గదిలో ఉన్నవాళ్లకూ తేడా కనబడలేదు. అలాగే నీలం వేస్తే గది చల్లబడదు, చల్లగా ఉన్నట్టు అనిపిస్తుందేమో అంతే. రామగుండం మే నెల ఎండకు జవాబు ఇంటి పైకప్పు మీద ఉంది. 2023లో మన రాష్ట్రం తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ చెప్పేదీ అదే, కప్పుకు ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత వేయమని.

మన పాత ఇళ్లలో దీనికి ఎంత చక్కటి పద్ధతి ఉండేది! కాళ్లు, చీపురు, నీళ్లు తగిలే కింది భాగానికి జాజు, పైనంతా సున్నం. మరక పడే చోటే ముదురు రంగు, మిగతాదంతా తెలుపు. ఏడాదికోసారి పండగ ముందు మళ్లీ సున్నం వేసుకునేవాళ్లు కాబట్టి వాళ్లకు తెలుపంటే భయం లేదు. మనం ఏటా వేయించలేం, ఒప్పుకుంటాను. అందుకే మురికి కనబడని రంగు కాదు, తుడిస్తే పోయే రంగు అడగాలి. డిస్టెంపర్‌కు తడిగుడ్డ తగిలితే రంగు గుడ్డకొచ్చేస్తుంది. కడిగినా తట్టుకునే ఎమల్షన్, కొంచెం నునుపుగా ఉండేది తీసుకోండి. రేటు ఎక్కువే. టీవీ వెనక గోడకు టెక్చర్ డిజైన్ మానేస్తే ఆ డబ్బు ఇటు పనికొస్తుంది. ఆ గరుకు గీతల్లో ఇరుక్కున్న బొగ్గు పొడి తీయడానికి టూత్ బ్రష్ పట్టుకుని కూర్చున్నవాళ్లను నేనెరుగుదును. తుడిచేటప్పుడు ముందు పొడి బట్టతో దులపండి, ఆ తర్వాతే తడిగుడ్డ. లేదంటే నల్లటి చారలు పడతాయి.

ముదురు రంగు మీద అంత మోజుంటే దానికీ చోటుంది. రైలు పెట్టెలా పొడుగ్గా ఉండే హాల్లో చివరనున్న చిన్న గోడకు వేయండి, అది దగ్గరికి వచ్చినట్టు కనబడి గది కాస్త చదరంగా అనిపిస్తుంది. సీలింగుకు మాత్రం వద్దు, నెత్తి మీదికి దిగినట్టుంటుంది.

పాత తలుపులు, గ్రిల్స్ మీది ఆయిల్ పెయింటును పొడిగా గీకనివ్వకండి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకు ముందు వేసిన పసుపు, ఎరుపు, ఆకుపచ్చల్లో ఎంతుందో ఎవరు చూశారు? తడిపి గీకించండి, ఆ పూట పిల్లల్ని ఇంకో ఇంటికి పంపండి.

దసరాకు రంగులు వేయించేవాళ్లు షేడ్ కార్డు ఇంటికి తెప్పించుకోండి. అంగుళం ముక్క చూసి సరేననొద్దు. చిన్న డబ్బా తెప్పించి గోడ మీద రెండడుగుల మేర పూయించి, పొద్దున పదింటికి ఓసారి, రాత్రి ట్యూబ్‌లైట్ కింద ఓసారి చూడండి. నచ్చకపోతే అప్పుడే చెప్పేయండి. మిషన్‌లో కలిపాక ఆ డబ్బాను ఏ షాపువాడూ వాపసు తీసుకోడు.