మన బాకీ మనం అడిగితే తప్పా?



మన ఏజెన్సీలో ఒక తమ్ముడు ఐటీఐ చేసి వెల్డింగ్ షాపు పెట్టుకున్నాడు. మిషన్ కోసం వాళ్లమ్మ డ్వాక్రా గ్రూపులో అప్పు తీసుకుంది. మైదానం నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టర్ గేట్లు, కిటికీ గ్రిల్స్ చేయించుకుని 64 వేలు బాకీ పెట్టాడు. ఎనిమిది నెలలైంది. ఫోన్ చేస్తే "బిల్లు రాలేదు" అంటాడు. ఆ తల్లి మాత్రం పసుపు అమ్మిన డబ్బుతో నెలనెలా కిస్తీ కడుతోంది. గట్టిగా అడగరా అంటే తమ్ముడు ఏమన్నాడు? "మళ్లీ పని ఇవ్వడేమో అన్నా."

ఇదే మన జబ్బు. డబ్బులివ్వని పని ఇంకోటి వస్తే ఎంత, రాకపోతే ఎంత?

మన తాతల దగ్గర షావుకారు ఎప్పుడైనా మొహమాటపడ్డాడా? 1879 రంప తిరుగుబాటుకి కల్లు పన్ను ఒక్కటే కారణం కాదు. చిన్న చిన్న అప్పులకి కోర్టు కాగితం తెచ్చి పశువుల్ని, పంటని జప్తు చేసుకుపోయిన వ్యాపారుల మీద కోపం కూడా. మనం బాకీ ఉంటే చట్టం. వాళ్లు బాకీ ఉంటే "కొంచెం సర్దుకోండి". ఈ లెక్క ఎవరు రాశారు?

"అడవి బిడ్డలకి డబ్బాశ ఉండదు" అని మెచ్చుకునేవాళ్లని నమ్మకండి. ఆ మెచ్చుకోలుతో మన కిస్తీ తీరదు.

జీడిపిక్కలు అమ్మాక ఇస్తానన్న ఊరి అవ్వని పీడించమని మేము చెప్పట్లేదు. ఆమె తెచ్చి ఇస్తుంది. మేము అనేది ఉండీ ఇవ్వనివాళ్ల గురించి.

ఇప్పుడు కాగితం మన చేతిలో కూడా ఉంది. తయారీ, సర్వీసు పనులు చేసేవాళ్లు ముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, రూపాయి ఖర్చు లేదు. 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం ఒప్పందం రాసుకున్నా 45 రోజులు దాటి గడువు పెట్టకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ. ఫిర్యాదుకి రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. సరుకు కొని అమ్ముకునే కొట్లవాళ్లకి ఈ దారి లేదు, సివిల్ కోర్టుకే పోవాలి, మూడేళ్లలోపు. లాయరు ఖర్చుకి భయపడొద్దు: 1987 చట్టం కింద ఎస్టీలకి న్యాయసహాయం ఉచితం. అన్నిటికీ ముందు బిల్లు రాయండి, సంతకం పెట్టించుకోండి. ఒట్టి నోటిమాటని రుజువు చేయడం కష్టం.

వచ్చే సంత రోజు ఆ తమ్ముడితో మేము నలుగురం వెళ్తున్నాం, చేతిలో బిల్లు పట్టుకుని. కొట్లాటకి కాదు, లెక్కకి. మీ మండలంలో ఇలా బాకీ రాక కుంగిపోతున్నవాళ్లని ఒంటరిగా పంపకండి.

జై ఆదివాసీ!