ఆస్బోర్న్ గోడల మీద ఆగ్రా ఖైదీలు

ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఐల్ ఆఫ్ వైట్ దీవిలో ఆస్బోర్న్ హౌస్ ఉంది. విక్టోరియా రాణి, ఆమె భర్త ఆల్బర్ట్ 1845లో ఆ ఎస్టేటు కొని, పాత ఇంటిని పడగొట్టించి, లండన్ బిల్డర్ థామస్ క్యూబిట్ చేత ఇటలీ భవనాల పద్ధతిలో కొత్తది కట్టించారు. 1851 నాటికి పని పూర్తయింది. ఇవాళ అది గ్రేడ్ 1 రక్షిత కట్టడం.

మనకు ముఖ్యం 1890ల ఆరంభంలో చేర్చిన దర్బారు గది. రూపకర్త భాయ్ రామ్ సింగ్. పంజాబ్ వడ్రంగుల ఇంటి బిడ్డ. లాహోర్ మేయో ఆర్ట్ స్కూల్లో చదివి, అక్కడే ఉపాధ్యాయుడై, 1910లో ప్రిన్సిపాల్ అయ్యారు. గది పైకప్పు చెక్కిన చెక్కలా కనిపిస్తుంది గానీ అది ప్లాస్టర్ పోత. పొయ్యి పైన పురివిప్పిన నెమలి.

ఆ గదికి దారితీసే నడవాలో ఆస్ట్రియా చిత్రకారుడు రుడాల్ఫ్ స్వబోడా గీసిన భారతీయుల చిత్రాలున్నాయి. 1886లో లండన్‌లో జరిగిన వలస, భారత ప్రదర్శనకు 30 మందికి పైగా చేతివృత్తులవారిని తీసుకెళ్లారు. వారిలో కొందరి చిత్రాలు రాణి గీయించింది. కుమ్మరి బక్షీరామ్ వయసు 102 ఏళ్లని, తివాచీలు నేసే రామ్‌లాల్‌కు తొమ్మిదేళ్లని రాసుకున్నారు. ప్రేక్షకులకు మాత్రం వీరంతా తాతతండ్రుల పని చేసుకునే పల్లె కళాకారులుగా కనిపించారు. నిజానికి వారిలో ఎక్కువమంది ఆగ్రా జైలు నుంచి వచ్చినవారు. జైల్లో పని నేర్పించారు. వెంట తీసుకెళ్లిందీ జైలు సూపరింటెండెంటే!

పేర్లతో సహా శ్రామికుల ముఖాలు రాజభవనంలో మిగలడం అరుదే. మన కోటల్లో అదీ కనపడదు. అయితే రాణి ఉదారత కన్నా ఆ అబద్ధం గురించే మాట్లాడుకోవాలి. నైపుణ్యం రక్తంలో ఉంటే జైలు దాన్ని ఎలా నేర్పింది? మగ్గం ముందు కూర్చోబెట్టి నేర్పితే ఎవరికైనా వస్తుందనే కదా! వలస అధికారులకు ఈ సంగతి తెలుసు. అయినా అమ్ముడుపోయేది కులం కథే కాబట్టి దాన్నే ప్రదర్శించారు.

ఆ కథ ఇంకా చెల్లుబాటవుతోంది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులను కుటుంబ సంప్రదాయంగానే లెక్కిస్తుంది. దరఖాస్తుదారు కుటుంబం వంశపారంపర్యంగా ఆ వృత్తిలో ఉండాలన్న షరతు తొలగించమని తమిళనాడు అడిగింది. కేంద్రం ఒప్పుకోకపోవడంతో 2024లో ఆ పథకాన్ని తమ రాష్ట్రంలో అమలు చేయబోమని చెప్పేసింది.