పెరటిలోని రంగుగాజు

తొలకరి పడినతోడనే అనంతపురము సీమయందలి వజ్రకరూరు చేలలో జనులు వంగి వజ్రముల వెదకుదురు. పెరటిలో నీటికై బావి త్రవ్వువాడును మట్టిలో మెరుపు కానవచ్చినచో గడ్డపార నాపును. అది రంగుగాజని తేలగానే పెంటపై విసరివేయును. ఇట్లు విసరివేయుటయే నష్టమని మా యభిప్రాయము.

గాజును గుర్తించుట కష్టము గాదు. పలుగురాయి గాజుపై గీత పెట్టును, వజ్రముపై పెట్టజాలదు. గాజులో గాలిబుడగ లుండును. చిరకాలము తడిమట్టిలో నున్న గాజు పొరలుగా లేచి నెమలిపింఛము వన్నెలు చూపును. గోలీసోడా బుడ్డి 1870 దశకమున ఇంగ్లండులో పుట్టినది. దాని ముక్క అంతకు పూర్వపుది కాజాలదు. పూసలోని బుడగలు రంధ్రము వెంబడి సాగియున్నచో, అది కరగిన గాజును సన్నని గొట్టముగా లాగి తునకలు చేసిన పూస. ఈ విద్య పుదుచ్చేరి చెంతనున్న అరికమేడులో ప్రాచీనకాలముననే యుండెను; తిరుపతి ప్రాంతమున పాపానాయుడుపేటలో 20వ శతాబ్దమునను నిలిచియుండెను.

కావున పూసను మాత్రము చూచి వయస్సు చెప్పరాదు. రంగును చూచియు చెప్పరాదు. ముదురు నీలము నిచ్చు కోబాల్టు నాడును నేడును ఒక్కటే. కాలము చెప్పునది ప్రక్కనున్న కుండపెంకు, అది దొరకిన లోతు. 1945లో అరికమేడును త్రవ్వించిన వీలరు, ఇటలీనుండి వచ్చిన కుండపెంకుల సాక్ష్యముతోనే ఆ పొరల కాలమును నిర్ణయించెను. బళ్లారి, అనంతపురము సీమల ప్రాచీనవస్తువులను రాబర్టు బ్రూస్ ఫూటు ఊరి పేళ్లతోసహా పట్టిక వ్రాసెను. పరదేశీయుడు చూపిన శ్రద్ధ మన యింటి పెరటియెడల మనకు లేకుండుట సిగ్గుచేటు గాదా?

సర్కారు లాగికొనునను భయముచే దాచువారు గలరు. 1878 నాటి నిక్షేపముల చట్టము పది రూపాయలకు మించిన నిక్షేపమును కలెక్టరునకు తెలుపు మనుచున్నది. హక్కుదారు డెవడును తేలనిచో, వేరు ఒప్పందము లేనపుడు, ముప్పాతిక కనుగొన్నవానిది, పాతిక స్థలము గలవానిది. సర్కారే తీసికొన్నను వెలపై అయిదవవంతు చేర్చి చెల్లింపవలెను. ఒంటి గాజుపెంకు సాధారణముగా పది రూపాయలును చేయదు. చట్టము అడుగని చోటనే మన వివేకము అడుగవలెను.

కావున తునకను తోమక, అమ్మక, కాగితములో చుట్టి, ఊరు, సర్వే నంబరు, లోతు, తేదీ వ్రాసి, వెంట దొరకిన పెంకులతో పురావస్తుశాఖవారికి చూపుడు. కరవు పేరుతోనే లోకము తలచు ఈ మెట్టసీమలో, పూసలు ధరించిన స్త్రీలును, వానిని మోసికొనివచ్చిన వర్తకులును ఉండిరని చెప్పగల సాక్షి అట్టి తునకయే కావచ్చును. పెంటపై బడిన సాక్షి మాటాడజాలదు.