కార్డుల కట్టను దిద్దుటయు, టోర్నమెంటున పరీక్షించుటయు

ఈ సంవత్సరము మధ్యాహ్న విరామ సమయమున మన వరండా మెట్లమీద కొందరు విద్యార్థులు రంగుల కార్డులు పరచుకొని ఆడుచుండుట పాఠకులు చూచియే యుందురు. చూచిన పెద్దలలో కొందరు “ఇది పేకాట, మిషను పాఠశాలలో దీనికి తావు లేదు” అని కోపించిరి. మరికొందరు “పసివాండ్ర ఆట, పోనిండు” అని నవ్వి యూరకుండిరి. మా అభిప్రాయమున ఈ రెండు తీర్పులును తొందరపడి చెప్పినవే. ఈ ఆటలో నిందింపదగిన భాగమొకటి కలదు. దానిని కడపట చెప్పెదము. మెచ్చదగిన భాగము మాత్రము మన గణిత తరగతిలోనైనను అంత సులభముగా దొరకనిది.

మాజిక్ ది గేదరింగ్ అను ఈ ఆట 1993వ సంవత్సరము ఆగస్టు నెలలో అమెరికాలో వెలువడెను. దీనిని కల్పించిన రిచర్డ్ గార్ఫీల్డ్ గణితశాస్త్రజ్ఞుడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము బడసి, విట్‌మన్ కళాశాలలో గణితము బోధించినవాడు. పేకాటలో ఏబదిరెండు ముక్కలు అందరికిని సామాన్యములు. ఇందట్లు కాదు. ప్రతి ఆటగాడును వేలకొలది కార్డులలోనుండి తనకు వలసినవానిని ఏరి, తక్కువలో తక్కువ 60 కార్డుల కట్టను ఇంటియొద్దనే కూర్చుకొని తెచ్చును. దీనినే డెక్కు అందురు. మూలమైన లాండు కార్డులు తప్ప, ఒక్క పేరుగల కార్డు నాలుగు ప్రతులకు మించరాదు. ఆదిలో ఈ నియమము లేదు. బలమైన కార్డు నొక్కదానినే పెక్కు ప్రతులు చేర్చువారు బయలుదేరగా దీనిని పెట్టవలసివచ్చెను. ఇరువురును 20 అంకముల ప్రాణముతో మొదలిడుదురు. లాండు కార్డులు శక్తినిచ్చును; తక్కిన కార్డులు ఆ శక్తిని వెచ్చించి పని చేయును. ఆడనివారికి ఇంతమాత్రము తెలిసిన చాలును.

కట్టను కూర్చుట ఒక దినపు పని. దానిని దిద్దుట మాసముల పని. ఇచటనే మన విద్యార్థులు తప్పటడుగులు వేయుచున్నారు. క్రొత్తగా నేర్చినవాడు మొట్టమొదట చేయు దిద్దుబాటేదన, లాండు కార్డులను తగ్గించి వాని స్థానమున అందమైన భూతమునో పెద్ద పక్షినో చేర్చుట. లాండు కార్డు చూచుటకు సొగసైనది కాదు, ఎవరిని కొట్టదు. కాని లెక్క చూడుడు. 60 కార్డులలో 24 లాండులున్నప్పుడు, మొదట తీయు ఏడు కార్డులలో లాండు ఒకటియు లేకుండుటయో ఒక్కటియే యుండుటయో నూటికి 14 మారులు జరుగును. ఆ 24ను 20కి తగ్గించినచో అదియే నూటికి 25 మారులగును. అనగా ఏడు ఆటలకొక మారు కలుగుచుండిన ఇబ్బంది నాలుగాటలకొక మారు కలుగును. నాలుగు అందమైన కార్డులకు చెల్లించిన వెల యిది! ఓడినవాడు “నా చేతికి అదృష్టము లేదు” అనును. అదృష్టమును తానే కట్టలోనుండి తీసివేసిన సంగతి అతనికి తోచదు. చేతికి వచ్చిన ఏడును పనికిమాలినవైనచో మరల కలుపుకొను సౌకర్యము కలదు. 2019 నుండి అమలులో నున్న నియమము ప్రకారము క్రొత్తగా ఏడు తీసి, ఒకదానిని కట్టయడుగున పెట్టవలయును. కాని అట్లు పెట్టిన కార్డు నష్టమే కదా.

అరువదియొకటవ కార్డును గూర్చియు ఒక మాట. “ఒక్కటి యెక్కువైన నేమి?” అని విద్యార్థులు అడుగుదురు. నాలుగు ప్రతులున్న కార్డు 60లో నుండి తీసిన మొదటి ఏడింటిలో ఒకటియైనను వచ్చుట నూటికి ఇంచుమించు నలుబది పాళ్లు. 61లో నుండి అయిన 39.4 పాళ్లు. భేదము స్వల్పమే. అయినను ఆ అరువదియొకటవ కార్డు మిగిలిన అరువదింటిలో మిక్కిలి బలహీనమైనదానికంటె మంచిదైనచో, ఆ బలహీనమైనదానిని ఏల తీసివేయరాదు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేకయే విద్యార్థులు అరువదియొకటి మోయుచున్నారు. వదులుకొనుటకు మనసొప్పకుండుటయే కారణమని మేము తలంచుచున్నాము.

ఇక పరీక్షించుట. మన మెట్లమీది సంప్రదాయము ఇట్లున్నది: సోమవారమున ఒకడు మూడు కార్డులు మార్చును, మంగళవారమున స్నేహితునితో పది యాటలాడి ఏడు గెలుచును, బుధవారమునకు “నా క్రొత్త డెక్కు అజేయము” అని చాటును. ఏమాత్రము భేదము లేని రెండు కట్టలు పది యాటలాడినను, వానిలో ఒకానొక కట్ట ఏడుగాని అంతకు మించిగాని గెలుచుట 1024లో 176 పాళ్లు, అనగా ఇంచుమించు ఆరింట నొకటి. నాణెమెగురవేసినను ఆరుగురిలో నొకడు అజేయుడగునని తాత్పర్యము. నూరాటలాడినను ఫలితము అటు పది, ఇటు పది పాళ్లు ఊగుచునేయుండును. మూడు కార్డులు ఒక్కసారిగా మార్చినందున, గెలుపు నిజమేయైనను అది దేనివలన కలిగెనో చెప్పుట అసాధ్యము.

అట్లని నూరేసి యాటలాడుడని చెప్పుటకు మాకు ధైర్యము లేదు. వార్షిక పరీక్షలు దగ్గరకు వచ్చుచున్నవి. వేరొక త్రోవ కలదు. ఒక్క ప్రతిగా చేర్చిన కార్డు, ఆట ఎనిమిదవ వంతు వరకు సాగి పదునాలుగు కార్డులు తీసినను, నూటికి 23 మారులే చేతికి వచ్చును. పది యాటలలో రెండు మూడు మారులు మాత్రమే దాని ముఖము చూతుము. కాబట్టి గెలుపోటములను లెక్కించుటకంటె, ఆ కార్డు చేతికి వచ్చిన మారులను మాత్రమే పుస్తకములో వ్రాసికొని, వచ్చినప్పుడు మనసు సంతసించెనా, దాని స్థానమున తీసివేసిన పాత కార్డున్న బాగుండునని తోచెనా అని గుర్తించుట మేలు. కొందరు అనుభవజ్ఞులు ఆ కార్డును ముందే చేతిలో పెట్టుకొని సాధన చేయుదురు. ఇది మోసము కాదు, ప్రయోగశాలలో నిప్పు వెలిగించుట వంటిది. మార్పు ఒక్కటిగా చేయవలెననియు, తేదీతో వ్రాయవలెననియు వేరుగ చెప్పనక్కరలేదు. సైన్సు మాస్టరుగారు ప్రతి దినమును చెప్పుచునే యున్నారు.

సాధనలో మరొక లోపము కలదు. మన విద్యార్థులు ఎల్లప్పుడు మొదటి యాటనే ఆడుదురు. టోర్నమెంటులో ఒక జత పోరాటమునకు మూడాటలుండును. రెండు గెలిచినవాడు జయించినట్లు. మొదటి యాట ముగిసిన తరువాత, సైడ్‌బోర్డు అనబడు పదునైదు కార్డుల నిలువలోనుండి ఎదుటివాని కట్టకు తగినవానిని లోనికి మార్చుకొనవచ్చును. అనగా ప్రతి పోరాటమునను మార్పు లేని యాట ఒక్కటి; మార్పు చేసిన యాటలు ఒకటిగాని రెండుగాని. ఎక్కువగా ఆడవలసినదానిని అసలు సాధన చేయక, తక్కువగా ఆడవలసినదానినే సాధన చేయుట ఏమి వివేకము? ఏ కార్డు లోనికి వచ్చునో అందరును చెప్పుదురు. దానికై ఏ కార్డు వెలుపలికి పోవలయునో అడిగినప్పుడే తడబడుదురు.

టోర్నమెంటు వరండా వంటిది కాదు. ఆటకు ముందు కట్టలోని కార్డుల పట్టికను వ్రాసి నిర్వాహకుల కీయవలయును. వ్రాసినదానికిని తెచ్చినదానికిని పొంతన లేనిచో శిక్ష యుండును. స్విస్సు పద్ధతి ప్రకారము గెలిచినవారిని గెలిచినవారితోను, ఓడినవారిని ఓడినవారితోను జతపరతురు. ఒక్క ఓటమితో ఎవరిని ఇంటికి పంపరు. అందుచేత పట్టికలో పైకి పోయినకొలది బలమైన కట్టలే ఎదురగును. స్నేహితుని ఒక్క కట్టను ఓడించుటకై దిద్దిన డెక్కు అచట నిలువదు. ఎట్టి కట్టలు ఎన్ని వచ్చునో ముందుగా ఊహించి, వానిలో ఎక్కువమంది తెచ్చుదానికి బదులు చెప్పగలుగునట్లు దిద్దవలయును. మొన్న ఓడించిన కట్ట మనసులో మెదలుచుండగా దానికొరకే నాలుగు కార్డులు చేర్చి, తక్కిన పదింటికిని లొంగిపోవుట మేము పలుమారులు చూచితిమి. ఒకమారు చేసియు యున్నాము.

1996వ సంవత్సరమున అట్లాంటా నగరమున జరిగిన యొక అర్హత టోర్నమెంటులో పాల్ స్లై అను ఆటగాడు తెచ్చిన ఎర్రరంగు కట్టను గూర్చి నేటికిని చెప్పుకొందురు. అందు పెక్కు కార్డులు ఇతరులు పెట్టెయడుగున పారవేయునట్టివి. ఐరన్‌క్లా ఆర్క్స్ అను అల్పజీవము వానిలో నొకటి. అయినను ఆ కట్ట రెండవ స్థానమున నిలిచెను. కారణమేమన, దానిని కూర్చిన జే ష్నైడర్ అనునతడు కార్డు ఒక్కొక్కటి ఎంత బలముగలదని చూడలేదు. మొదటి వంతున ఒక శక్తిని, రెండవ వంతున రెండింటిని, మూడవ వంతున మూడింటిని వృథా కాకుండ వెచ్చించునట్లు, చవుకైనవి ఎక్కువగను ఖరీదైనవి తక్కువగను పేర్చెను. ఎదుటివాడు పెద్ద కార్డులను చేత పట్టుకొని శక్తికై ఎదురుచూచుచుండగా ఈ అల్పజీవములు పని ముగించెడివి. చిత్రమేమన, కట్టకు నిలిచిన పేరు ఆడినవానిదే కాని కూర్చినవానిది కాదు.

ఓటమికెల్ల కట్టయే కారణమనుటయు తగదు. 1999లో మైక్ ఫ్లోరెస్ అను రచయిత ప్రసిద్ధమైన యొక వ్యాసమున చూపినదేమన, ప్రతి ఆటలోను ఒకడు దూకవలసినవాడు, ఒకడు కాచుకొనవలసినవాడు. తాను ఎవడో పొరబడినవాడు ఓడిపోవును. కాచుకొనవలసిన చోట దూకి ఓడి, ఇంటికి వచ్చి కార్డులు మార్చువాడు, లెక్క తప్పి కలమును మార్చువానివంటివాడు.

ఇతరుల పట్టికలను చూచి వ్రాసికొనుట తప్పా యని విద్యార్థులు మమ్ముల నడిగిరి. తప్పు కాదు. పెద్ద టోర్నమెంటులలో గెలిచిన కట్టల పట్టికలు ఎల్లరకును దొరకునవే. వాని వెనుక ఎందరో కూడి ఆడిన సాధన యున్నది. మొదట ఉన్నదున్నట్లు ఇరువది యాటలాడుడు. అటుపిమ్మట దిద్దుడు. ఒక్క యాటయైనను ఆడకమునుపే “ఇది నాకు నచ్చలేదు” అని మూడు కార్డులు మార్చువాడు స్వతంత్రుడని మేము ఒప్పుకొనము, అతనిది తొందర.

నిందింపదగిన భాగమును చెప్పెదమంటిమి. కార్డులను మూసిన పొట్లములలో అమ్ముదురు. లోన ఏమున్నదో కొనువానికి తెలియదు. అరుదైనది వచ్చునన్న ఆశతో ఒకటి, రెండు, అయిదు పొట్లములు చింపును. పేకాటయని కోపించిన పెద్దలకు మేము చెప్పునది యిదియే: జూదపు వాసన ఆటలో లేదు, పొట్లములో నున్నది. ఫీజు రాయితీతో చదువు హాస్టలు విద్యార్థి, తండ్రి పంపిన చేతి ఖర్చును దీనికై వెచ్చించుట మేము సహింపజాలము. డబ్బుగలవాని కట్టయే గెలుచునన్నచో మేము పైన వ్రాసిన లెక్కలెల్ల వ్యర్థములు. కార్డులపై దయ్యముల పేర్లున్నవని అభ్యంతరము చెప్పిన తలిదండ్రులకును మా గౌరవము కలదు. ప్రచురణకర్తలే 1990ల నడుమ ఆ మాటను క్రొత్త కార్డులపై వాడుట మాని, 2002లో మరల వాడుకకు తెచ్చిరి. ఆ యాటయే వలదనువారికి పోకెమాన్ కార్డులాట కలదు. అందును 60 కార్డులే, నాలుగు ప్రతులే. ఆదిలో ఆరు కార్డులు బహుమానములుగా మూసి పక్కన పెట్టుదురు గనుక, ఒక్క ప్రతిగా చేర్చిన కార్డు నూటికి పది మారులు అందు చిక్కుకొనును. లెక్కకు కొరత లేదు.

కావున ప్రధానోపాధ్యాయులవారికి మా మనవి యిది. ఆటను నిషేధింపక, పాఠశాల ఆవరణలో పొట్లములు కొనుటను, అమ్ముటను, కార్డులను పైకమునకు మార్చుటను నిషేధింపవలెను. సాధనకు నోటుపుస్తకపు కాగితమును కార్డంత కత్తిరించి, పేరును, ఖర్చును, పనిని వ్రాసి, తొడుగులో పాత కార్డు ముందు దూర్చిన చాలును. గుర్తింపు పొందిన టోర్నమెంటులలో ఇట్టి కాగితములు చెల్లవు. మన వరండాలో చెల్లకుండుటకు కారణము లేదు. కాగితములు వలదన్నచో, అరుదైన కార్డులు లేక సామాన్యమైన వానితోనే ఆడు పాపర్ అను పద్ధతిని ఎన్నుకొనవచ్చును. దానిని ప్రచురణకర్తలు 2019లో ఒకే నియమావళి క్రిందికి తెచ్చిరి.

విద్యార్థులు ఎనమండుగురైనచో మూడు రౌండ్లు చాలును. శనివారము మధ్యాహ్నము ఆరంభించిన, సాయంకాల ప్రార్థన గంటకు ముగియును. బహుమతి అక్కరలేదు. ప్రతివాడును తన కట్ట పట్టికను, మార్పుల పుస్తకమును వెంట తేవలయును; ఓడిన ఆటల పుటలను లెక్కల మాస్టరుగారు చూచుటకు అంగీకరించియున్నారు.