పట్టికలో చోటు దక్కని పాట

ఒక పాట ఏ బాణీకి చెందినదో నిర్ణయించే అధికారం ఎవరిది? పాడినవానిదా, వినేవారిదా, లెక్కకట్టే వారిదా? 2019లో అమెరికా సంగీతలోకం ఈ ప్రశ్నను ఎదుర్కొనవలసి వచ్చింది.

ఆ దేశపు దక్షిణ రాష్ట్రాల పల్లెలలో పుట్టి పెరిగిన సంగీతాన్ని 'కంట్రీ' సంగీతమంటారు. గుర్రాలు, పొలాలు, విఫల ప్రణయాలు దానికి ప్రియమైన వస్తువులు. ఏ వారం ఏ పాటకు ఎంత ఆదరణ లభించిందో 'బిల్‌బోర్డ్' పత్రిక బాణీల వారీగా పట్టికలు ప్రకటిస్తుంది. రేడియో కేంద్రాలకూ రికార్డుల వర్తకులకూ ఆ పట్టికే పంచాంగం.

2018 డిసెంబరులో జార్జియా రాష్ట్రానికి చెందిన లిల్ నాస్ ఎక్స్ అనే పందొమ్మిదేళ్ల నల్లజాతి యువకుడు 'ఓల్డ్ టౌన్ రోడ్' అనే పాటను స్వయంగా విడుదల చేశాడు. రెండు నిమిషాలైనా నిండని పాట అది. గుర్రమెక్కి సాగిపోయే కుర్రవాని కథ. పైన బాంజో తీగల మోత, క్రింద హిప్‌హాప్ దరువు. 2019 మార్చిలో అది కంట్రీ పట్టికలో 19వ స్థానాన కనిపించి, మరుసటి వారానికి మాయమైనది. నాటి కంట్రీ సంగీత లక్షణాలు అందులో చాలినన్ని లేవని పత్రికవారి సమాధానం.

దరువు మాట నిజమే. కాని అంతకు ముందే, 2017–18లో, బీబీ రెక్సా అనే పాప్ గాయని ఫ్లోరిడా జార్జియా లైన్ జంటతో కలిసి పాడిన 'మెంట్ టు బి' అదే పట్టికలో 50 వారాలు అగ్రస్థానాన నిలిచింది. అప్పుడు లక్షణగ్రంథం తెరిచినవారు లేరు!

బాంజో చరిత్ర మరింత విచిత్రమైనది. సొరబుర్రకు తోలు బిగించి తీగలు కట్టే విద్య బానిసలుగా తేబడిన ఆఫ్రికనులతో అమెరికా చేరింది. 1920లలో రికార్డుల కంపెనీలు నల్లవారి పాటలను ఒక పేరుతో, పల్లెటూరి తెల్లవారి పాటలను మరొక పేరుతో వేరువేరుగా అమ్మసాగాయి. కలిసి పెరిగిన సంగీతం అంగడిలో రెండుగా చీలింది. క్రమంగా బాంజో తెల్లవారి వాద్యంగానే లోకానికి తోచింది. 2019 నాటి తీర్పు వెనుక దురుద్దేశం ఉండనక్కరలేదు. నూరేళ్లనాటి గోడ చాలును.

ఆ ఏప్రిల్‌లో ప్రసిద్ధ కంట్రీ గాయకుడు బిల్లీ రే సైరస్ గొంతు కలపగా పాట మరల వెలువడింది. అన్ని బాణీలకూ ఉమ్మడియైన 'హాట్ 100' పట్టికలో వరుసగా 19 వారాలు ప్రథమస్థానాన నిలిచి, అంతవరకున్న 16 వారాల రికార్డును దాటింది. నవంబరులో కంట్రీ సంగీత సంఘమే దానికొక పురస్కారమిచ్చింది.

2024లో నల్లజాతి గాయకుడు షబూజీ, 2004 నాటి ఒక ర్యాప్ గీతపు పల్లవిని అల్లుకొని పాడిన పాట కంట్రీ పట్టికలోను, ఉమ్మడి పట్టికలోను కూడ అగ్రస్థానమందినది. ఉమ్మడి పట్టికలో దానికి దక్కినవీ 19 వారాలే. 'ఓల్డ్ టౌన్ రోడ్' మాత్రం తనను తొలగించిన పట్టికలోకి తిరిగి చేరనే లేదు.