ఆ గొంగడి మనది



వార్షికోత్సవం దగ్గర పడిందంటే మన హాస్టళ్లలో ఒక అంశం తప్పకుండా తయారవుతుంది. ఎవరో ఒక తమ్ముడు చొక్కా విప్పి, భుజం మీద నల్ల గొంగడి వేసుకొని, కాళ్లకు గజ్జెలు కట్టుకొని, చేతికర్రకు ఎర్ర రుమాలు చుట్టి స్టేజీ ఎక్కుతాడు. ఈలలు, చప్పట్లు మోగిపోతాయి. కార్యక్రమాల జాబితాలో దాని పేరు ‘గద్దర్ వేషం’. పులివేషం, పోలీసు వేషం, బుడబుక్కల వేషం పక్కన దాన్నీ చేర్చి మార్కులు వేస్తారు. మా అభ్యంతరమంతా ఆ ‘వేషం’ అన్న మాట మీదనే. గొంగడి కప్పుకొని గొర్ల వెంట తిరిగే తాతకు అది వేషమా? గోచి పెట్టి మడిలో దిగే నాయనకు అది వేషమా? మన ఇంట్లో దండెం మీద వేలాడే బట్ట స్టేజీ ఎక్కగానే మనకే వింతగా ఎందుకు కనబడుతున్నది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికే ఈ వ్యాసం.

ప్రపంచంలో వింత వింత బట్టలు వేసి జనాన్ని ఉర్రూతలూగించిన గాయకులు చాలామంది ఉన్నారు. పాశ్చాత్య దేశాల రాక్ సంగీతంలో అయితే అది సంగీతంతో సమానమైన కళ. అందులో ఫ్రెడీ మెర్క్యురీది పెద్ద పేరు. అసలు పేరు ఫరోఖ్ బల్సారా. 1946లో ఆఫ్రికా తీరంలోని జాంజిబార్‌లో పార్సీ కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులకు దూరంగా మహారాష్ట్రలోని పంచగనిలో బోర్డింగ్ స్కూలులో ఉండి చదువుకున్నాడు. అంటే ఆయన కూడా మనలాగే హాస్టల్ పిల్లవాడే! స్కూల్లో ఉండగానే దోస్తులతో కలిసి ‘హెక్టిక్స్’ అనే పాటల బృందం పెట్టాడు. 1970లో లండన్‌లో ‘క్వీన్’ బృందం మొదలైంది. తర్వాతి రోజుల్లో తలమీద కిరీటం, భుజాల మీద రాజుల అంగీ వేసుకొని స్టేజీ మీద తిరిగాడు. 1985 జూలై 13న ఇథియోపియా కరువు బాధితుల సహాయం కోసం లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగిన సభలో 72 వేల మంది చేత ఒక్కసారే చప్పట్లు కొట్టించాడు. 1991లో చనిపోయాడు.

ఆ వెంబ్లీ సభ జరిగిన నాలుగు రోజులకు, 1985 జూలై 17న, ప్రకాశం జిల్లా కారంచేడులో దళితవాడ మీద దాడి జరిగింది. ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. ఆ దారుణం మీద పాట కట్టి ఊరూరా తిరిగిన గాయకుడు గద్దర్. ఆ ఏడాదే ఆయన అజ్ఞాతంలోకి పోవలసి వచ్చింది. ఒకే ఏడాదిలో ఒక గాయకుడికి స్టేడియం దొరికింది, ఇంకో గాయకుడికి ఇల్లు కూడా లేకుండా పోయింది. ఎవరు గొప్ప అని పోటీ పెట్టడం మా ఉద్దేశం కాదు. ఇద్దరూ కోట్ల మందిని కదిలించినవాళ్లే. కానీ ఒక తేడా గమనించండి. ఫ్రెడీ తన పుట్టుపేరునూ ఇంటినీ వెనుక వదిలి కొత్త రాజుగా మారాడు. గద్దర్ బ్యాంకు ఉద్యోగి ప్యాంటు చొక్కా విప్పి తన తల్లిదండ్రుల బట్టల్లోకి తిరిగి వచ్చాడు. అక్కడి తళుకు జనానికి దూరంగా ఎగరడానికి. ఇక్కడి గొంగడి జనంలో కలిసిపోవడానికి.

ఆయన అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. మెదక్ జిల్లా తూప్రాన్‌లో నిరుపేద దళిత కుటుంబంలో పుట్టాడు. హైదరాబాదులో ఇంజనీరింగులో చేరి మధ్యలో మానేశాడు. బి. నర్సింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ సంస్థ ఆయనకు దారి చూపింది. రిక్షా తొక్కే అన్నల మీద కట్టిన పాట ఆయన తొలి పాటల్లో ఒకటి. 1972లో జననాట్యమండలి ఏర్పడింది. 1913లో అమెరికాలోని పంజాబీ వలస కూలీలు బ్రిటిషు వాళ్లకు ఎదురు తిరిగి పెట్టుకున్న గదర్ పార్టీ పేరే ఈయన పేరుగా స్థిరపడింది. 1975లో కెనరా బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, 1984లో దాన్ని వదిలేశాడు. ‘మాభూమి’ సినిమాలో తెరమీద కనబడి, తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట పాడితే, ఆ పాట మళ్లీ ఊరూరా బతికింది. 1990 ఫిబ్రవరిలో అజ్ఞాతం వీడి నిజాం కాలేజీ మైదానంలో నిలబడ్డనాడు లక్షల మంది తరలివచ్చారు. సినిమా హీరోకు కూడా అంత జనం రావడం కష్టం. టికెట్టు లేదు, గోడమీద రంగుల పోస్టరు లేదు. పాటే పిలిచింది.

ఇక గొంగడి సంగతికి వద్దాం. దాన్ని గద్దర్ కనిపెట్టలేదు. గొంగడి, కర్ర పట్టుకొని సుద్దులు చెప్పే గొల్ల కళాకారులు మన జిల్లాల్లో ఎన్నో తరాల నుంచి ఉన్నారు. 1940లలో నల్లగొండ జిల్లా సుద్దాల గ్రామానికి చెందిన సుద్దాల హనుమంతు ఆ గొల్లసుద్దులను, బుర్రకథను సాయుధ పోరాటానికి ఆయుధాలుగా మలిచాడు. దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకొని నడిచిన మనిషి చేత తల ఎత్తి పాడించాడు. ఆయన కొడుకు సుద్దాల అశోక్‌తేజ ‘ఠాగూర్’ సినిమా పాటకు జాతీయ అవార్డు తెచ్చుకున్న సంగతి మనందరికీ తెలుసు. అంటే గద్దర్ భుజం మీది గొంగడికి మన నల్లగొండ నుంచి ఒక దారం ఉన్నది. పాలమూరు నుంచి ఇంకో దారం ఉన్నది. అక్కడి కురుమలు నల్లగొర్ల ఉన్ని కత్తిరించి, వడికి, చింతగింజల గంజి పెట్టి నేసే గొంగడి వానకు గొడుగు, చలికి దుప్పటి, అలసిన మనిషికి పక్క. మన తాతలకు అది లేకుండా జీవితమే లేదు.

గద్దర్ గొప్పతనం ఆ బట్టను స్టేజీ మీద మాట్లాడించడంలో ఉన్నది. చేతికర్ర ఒకసారి నాగలి అవుతుంది, ఒకసారి తుపాకీ అవుతుంది. ఎర్ర రుమాలు ఒక క్షణం జెండా, మరుక్షణం తల్లి ఒడిలో పసిబిడ్డ. పాట మధ్యలో ఆపి మాట చెబుతాడు, మాట మధ్యలో నుంచి మళ్లీ పాట లేస్తుంది. వెనుక వంతపాడే వాళ్లు, డప్పు, గజ్జెలు. సెట్టింగులు లేవు, రంగు దీపాలు లేవు. ఒక లారీ డబ్బా దొరికితే అదే స్టేజీ. ఎగరడం, తిరగడం, నేలమీద కూలబడి ఏడవడం చూసి కొందరు పెద్దమనుషులు ‘ఇదేం పిచ్చి గంతులు’ అన్నారు. సంగీతం అంటే చాప మీద కదలకుండా కూర్చొని పాడేది మాత్రమే అనుకున్న వాళ్లకు అట్లాగే అనిపిస్తుంది. కానీ మన ఇండ్లల్లో కూర్చొని పాడిన పాట ఏది? నాటు వేస్తూ వంగి పాడిన పాట, ఇసుర్రాయి తిప్పుతూ పాడిన పాట, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడిన పాట. పని చేసే మనిషి పాటకు ఒళ్లు కదలకుండా ఎట్లా ఉంటుంది?

ఈ పాటకు వెల కూడా చెల్లించాల్సి వచ్చింది. 1997 ఏప్రిల్ 6న సికింద్రాబాదు వెంకటాపురంలోని ఇంటి దగ్గర గద్దర్ మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. అది మోసుకొనే ఇరవై ఆరేళ్లు ఆడాడు, పాడాడు. మన నల్లగొండ జిల్లా భువనగిరిలో, మిల్లు కార్మికురాలిగా పనిచేస్తూ తెలంగాణ పాటకు గొంతునిచ్చిన బెల్లి లలితక్కను 1999 మే నెలలో ముక్కలు ముక్కలుగా నరికి చంపారు. పాట అంటే ఉత్త కాలక్షేపమే అయితే, దాన్ని చూసి ఇంతగా భయపడతారా?

అయితే గద్దర్ చేసినవన్నీ కళ్లు మూసుకొని పొగడాలని మేము అనడం లేదు. ఆయన మీద విమర్శలు ఉన్నాయి. తుపాకీ పాట పాడి ఎంతోమంది యువకులను అడవిదారి పట్టించాడని కొందరంటారు. ఆ దారిలో చనిపోయిన వాళ్లలో పేదింటి బిడ్డలు చాలామంది ఉన్నారన్నది కాదనలేని నిజం. మరికొందరు, 2004 చర్చల్లో విప్లవ పార్టీ దూతగా ఉన్న మనిషి 2017లో గుళ్లకు వెళ్లడమేమిటని, ఓటు వద్దన్న మనిషి 2018లో మొదటిసారి ఓటు వేయడమేమిటని అడిగారు. 2010లో తెలంగాణ ప్రజాఫ్రంట్ పెట్టాడు. 2022లో మన మునుగోడు ఉప ఎన్నికలో ప్రజాశాంతి పార్టీ నుంచి పోటీ చేస్తానని ప్రకటించి చివరికి బరిలో లేడు. 2023లో మళ్లీ కొత్త పార్టీ పేరు చెప్పాడు. ఈ మలుపులు మాకు కూడా అన్నీ అర్థం కాలేదు. కానీ ఒకటి చెప్పగలం. ఆయన మారిన ప్రతిసారీ బహిరంగంగా, జనం ముందే మారాడు. తుపాకీ నుంచి ఓటు దాకా, అంబేద్కర్, బుద్ధుడి దాకా నడిచిన ఆ ప్రయాణాన్ని ప్రశ్నించే హక్కు మనకుంది. ప్రశ్నించడం కూడా ఆయన పాట నేర్పిందే.

2023 ఆగస్టు 6న గద్దర్ కన్నుమూశాడు. ఏ ప్రభుత్వాలను తిట్టి పాడాడో అదే ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. అవి జరిగిన చోటు అల్వాల్‌లో పేదపిల్లల కోసం ఆయనే పెట్టిన మహాబోధి విద్యాలయం. ఒకప్పుడు నంది అవార్డు వద్దన్న మనిషి పేరుతోనే ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులు ఇస్తున్నది. 2025 జూన్‌లో మొదటిసారి వాటిని పంచారు. మంచిదే. కానీ పెద్దవాళ్లు పేరును మోస్తుంటే పాటను ఎవరు మోయాలి?

ఇక్కడే మన చదువు ప్రశ్న వస్తుంది. ‘పాటలు పాడితే కడుపు నిండుతుందా? బుద్ధిగా చదువుకో’ అని ఇంట్లో అమ్మ అంటుంది. అమ్మ మాట అబద్ధం కాదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మన నాగర్‌కర్నూల్ దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపనికి పోతున్న వార్త చదివాం. దేశం మెడలో పతకం వేసినా కంచంలో బువ్వ గ్యారంటీ లేదు. కాబట్టి చదువు మానేసి పాట పట్టుకోండని మేము చెప్పం. గద్దర్ ఇంజనీరింగు వదిలింది అనుకరించవలసిన విషయం కాదు. ఆయనే చివరికి బడి పెట్టాడు కదా! చదువు, పాట ఒకదానికొకటి శత్రువులు కావు. పాలమూరు గౌరారం నుంచి వచ్చిన గోరటి వెంకన్న ఒళ్లంతా కదిలిస్తూ ఆడి పాడుతూనే ‘వల్లంకి తాళం’ కవిత్వానికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నాడు. ఆట, అక్షరం ఒకే మనిషిలో ఉండగలవు.

అసలు ఆటంకం మన మనసులో ఉన్నది. సిగ్గు. ఒక కాలేజీ వార్షికోత్సవానికి మాలో ఒక మిత్రుడు డప్పు పట్టుకొని పోతే, ‘ఇది చావులకు కొట్టేది, స్టేజీ మీదికి వద్దు’ అన్నారు. ఆ రోజు బాక్సుల్లో దద్దరిల్లిన సినిమా పాటల్లో మోగింది కూడా డప్పే! మిషన్‌లో నుంచి వస్తే ముద్దు, మాదిగ చేతుల్లో నుంచి వస్తే మైల. ఈ లెక్కను గద్దర్ యాభై ఏళ్లు తలకిందులు చేస్తూ వచ్చాడు. మనం మళ్లీ దాన్ని నిలబెట్టవద్దు.

అందుకని తోటి విద్యార్థులకు మా ప్రతిపాదనలు మూడు. మొదటిది, సెలవులకు ఇంటికి పోయినప్పుడు ప్రతి ఒక్కరూ అమ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో ఒక్క పాటైనా విని నోటు పుస్తకంలో రాసుకొని రావాలి. నాట్ల పాట, జాజిరి పాట, పీర్ల పండుగ పాట, ఏదైనా సరే. పాడినవాళ్ల పేరు, ఊరి పేరు కింద రాయాలి. హాస్టల్లో వంద మంది ఉంటే వంద పాటలు. అది మన లైబ్రరీలో లేని పుస్తకం అవుతుంది. రెండవది, మన బాధలకు మనమే పాట కట్టాలి. ఎముకలు వంచిన ఫ్లోరైడు నీళ్లు మనవి. ముంబైకి, పుణెకు వలసపోయిన పాలమూరు కూలీల బిడ్డలం మనం. పోచంపల్లి, నారాయణపేట మగ్గాలు మన పక్కనే ఉన్నాయి. సరుకు లేక కాదు, చూపు లేక పాట రావడం లేదు. గద్దర్ పాత బాణీ తీసుకొని కొత్త మాట పెట్టేవాడు. మనకూ ఆ పద్ధతి చాలు. మూడవది, వార్షికోత్సవంలో సినిమా డ్యాన్సులు ఉండనీయండి, మాకు కోపం లేదు. కానీ మొదటి అంశం మాత్రం డప్పు కావాలి. దాన్ని కొట్టే తమ్ముడు తన ఇంటి పేరు, ఊరి పేరు మైకులో గట్టిగా చెప్పాలి.

గొంగడి వేసుకున్న ప్రతివాడూ గద్దర్ కాలేడు. ఆ గొంగడి కప్పుకొని పొలానికి పోయిన మనిషి కష్టం తెలిసి, దాన్ని నలుగురికీ వినబడేటట్టు చెప్పగలిగినవాడు మాత్రం, ప్యాంటు చొక్కాలో ఉన్నా, తెల్లకోటులో ఉన్నా, కలెక్టర్ కుర్చీలో ఉన్నా ఆ పాటను ముందుకు తీసుకుపోతాడు. మనలో నుంచి అటువంటి వాళ్లు రావాలి. వస్తారు.